పైపు సల్లగనే ఉన్నది

మా బావ మల్సూర్‌కు మీటరంటే మంట. సూర్యాపేటలో కోదాడ పోయే రోడ్డు పక్కన ఆయన రేకుల షెడ్డు, అందులో ఓ మూల నా వైరింగు పని. ఇంజను మీద చెయ్యి పెట్టి ఎక్కడ వేడెక్కుతోందో, ఎక్కడ అదురుతోందో చెప్పేసేవాడు. ఆ చెయ్యి తప్పు చెప్పిందన్న డ్రైవరును నేను చూడలేదు. లారీలవాళ్లు దారిలో ఉన్న షెడ్లన్నీ వదిలేసి మా దగ్గరే ఆపేవాళ్లు. మా అక్క సత్తమ్మ ఇల్లూ నా ఇల్లూ ఆ చేతి మీదే నడిచేవి. వైర్లలో కరెంటు పారుతోందో లేదో చూసే ఆ మీటరు నేను తీస్తే చాలు, "వచ్చిండు డాక్టరు" అని పదిమందిలో ఎక్కిరించేవాడు. బావ కదా, పడేవాణ్ణి. లోపల మాత్రం ఒళ్లు మండేది.

తొంభై ఏడు వానాకాలం నుంచి ఆయన వేళ్లకు తరచూ బొబ్బలు లేచేవి. అక్క అడిగితే, పని చేసేటోనికి కాకపోతే ఎవనికి లేస్తయని కసిరేవాడు. మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఒకటుండేది. శోభి అనుకుని అక్క దానికి మలాము రాసేది. నేనూ శోభే అనుకున్నాను.

ఆ ఏడు చివర్లో మిర్యాలగూడ రైసుమిల్లు గోపయ్య జపాను కారు ఒకటి తెచ్చాడు. బొంబాయిలో ఎవరో వాడి అమ్మింది. బండి పరుగుకు వంక పెట్టడానికి లేదు కానీ, స్టీరింగు ముందు ఇంజను బొమ్మతో పసుపు లైటొకటి వెలిగి ఆరడం లేదు. ఆ లైటు చూస్తుంటే తనకు అన్నం సయిస్తలేదని గోపయ్య గోల.

అలాంటి బండి మా షెడ్డుకు ఎన్నడూ రాలేదు. హైదరాబాదులో విదేశీ కార్లు బాగుచేసే నా దోస్తు మత్తయ్యకు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేశాను. అతను విడమరచి చెప్పాడు. కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే పైపు ఒకటుంటుంది. దాని వేడి చూడ్డానికి చిన్న సెన్సారు, దానికి రెండు వైర్లు. బండి నడుస్తున్నా పైపు వేడెక్కడం లేదని తెలిస్తే, పొగ దారి మూసుకుపోయిందనుకుని కారులోని కంప్యూటరు లైటు వెలిగిస్తుంది. పైపు నిజంగా చల్లగా ఉంటే దారి మూసుకున్నట్టు. వేడిగా ఉండీ లైటు వెలిగితే సెన్సారో వైరో పోయినట్టు. ముందు అది తేల్చుకోమన్నాడు.

వేడా చల్లనా చూసుడే గదా అని బావ నవ్వాడు. బండిని కాసేపు రేసు చేయించి పైపుకు వేళ్లు ఆనించాడు. చల్లగా ఉందన్నాడు, మసి పట్టి మూసుకుందన్నాడు. పైపు విప్పాడు. మసి ఉంది కానీ దారి మూసేంత లేదు. ఆ మాటే అంటే నన్ను నోరు మూసుకోమన్నాడు. గీకి, పెట్రోలుతో కడిగి, మళ్లీ బిగించాడు. బ్యాటరీ వైరు పీకి పెడితే లైటు ఆరింది, ఊరి బయటిదాకా తిప్పుకొచ్చేసరికి మళ్లీ వెలిగింది. బావ మళ్లీ వేళ్లు ఆనించి చల్లగానే ఉందన్నాడు. ఆ పైపులోకి పొగ వదిలే వాల్వు పోయింది, బొంబాయి నుంచి తెప్పించుకోవాలని గోపయ్యకు తేల్చి చెప్పేశాడు. ఆయన దిగాలుగా రోడ్డవతలి హోటల్లో చాయ తాగడానికి పోయాడు.

నాకు చిర్రెత్తింది. వాదన పెట్టుకోకుండా నేనే పోయి పైపు ముట్టుకున్నాను. చుర్రుమంది. చటుక్కున చెయ్యి లాక్కున్నాను. వేలి కొస తెల్లబడింది.

"గింత కాలుతున్నది గద బావా."

నేను వేళాకోళమాడుతున్నాననుకున్నాడు. ఎగాదిగా చూసి, పైపును నాలుగు వేళ్లతో పట్టుకున్నాడు. ఈసారి తీయలేదు.

"యాడ గాలుతుందిరా? పైపు సల్లగనే ఉన్నది."

ఆ మాట అంటుండగానే చర్మం కమిలిన వాసన వచ్చింది. మణికట్టు పట్టి గుంజేశాను. బావ తన వేళ్లను కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాడు. కాసేపటికి పాత టైరు మీద కూలబడ్డాడు.

నేను మీటరు తీశాను. ఎక్కిరించేవాడే లేడు. సెన్సారు ఊడదీసి హోటలు నుంచి తెచ్చిన మరిగే నీళ్లలో ముంచితే, వేడెక్కేకొద్దీ మీటరులో అంకె దిగుతూ వచ్చింది. అది బాగానే ఉంది. ఇక వైర్లు చూస్తే, రెండింట్లో ఒకటి ఈ కొస నుంచి ఆ కొసకు పలకలేదు. పైతొడుగు నిక్షేపంగా ఉంది, లోపల రాగి తెగింది. కోసి, అతికి, టేపు చుట్టాను. బండి తిప్పుకొస్తే లైటు మళ్లీ వెలగలేదు.

గోపయ్య మొహం విప్పారింది. ఎవరు చేశారో ఏమిటో ఆయనకు తెలియదు. నీ చెయ్యి పడితే చాలు మల్సూరు అని బావ భుజం తట్టాడు. బావ ఆ చేతిని వెనక దాచుకున్నాడు.

కారు పోయాక బావ నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు.

"దీనికి గుడ మీటరు పెట్టు లచ్చయ్యా."

ఆ మీటరుకు ఆయన దండం పెట్టే రోజు రావాలని ఎన్నిసార్లు అనుకున్నానో. వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు సర్కారు దవాఖానకు పోయాం. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ మచ్చ చూసింది, మోచేతి దగ్గర నరం తడిమింది, కుష్ఠు అని చెప్పింది. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. గోళీలు వాడితే జబ్బు పోతుందని, ఇంట్లో అందరితో కలిసే ఉండొచ్చని ఆమె చెప్పింది. బావకు ఒకటే కావాలి, షెడ్డుకు పోవచ్చా అని అడిగాడు. పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమని, ఎంత మిగిలిందో చూసి చెప్తానని అంది. కళ్లు మూసుకోమని, దూది తగిలినప్పుడల్లా చెప్పమంది.

బావ కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు. దూది చిటికెన వేలిని తాకింది. ఆయన పలకలేదు. ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు, అరచెయ్యి. పలకలేదు. డాక్టరమ్మ దూది బల్ల మీద పెట్టి చీటీ రాసుకోసాగింది.

చాలాసేపు తను ఏమీ అనలేదని ఆయనకు అప్పుడు తోచినట్టుంది.

"ఆఁ" అన్నాడు.

ఆమె కలం ఆగింది. తలెత్తి నా వంక చూసింది. నేను బల్ల మీది దూదిని చూశాను.

"ఆఁ, గిప్పుడు మంచిగ తగులుతున్నది" అన్నాడు బావ.