మొగలి కంచె

గాలి కాస్త గట్టిగా వీచినా ఇల్లు కొట్టుకుపోతుందని రెబెక్కమ్మకు భయం. వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున ఇల్లాయె. ఇంటికీ అలలకూ మధ్య ఉన్నదల్లా ఆమె అత్త నాటిన మొగలి కంచె. పోయిన తుఫానులో కొట్టుకొచ్చిన ఇసుకంతా దాని ఊడల్లో చిక్కుకుని ఆగిపోయింది.

కూతురు మెర్లిన్, మడ అడవి చూడవచ్చేవాళ్ల కోసం వేస్తున్న నడకదారి పనిలో కుదిరింది. "ముఖద్వారమంతా మన మొక్కలేనమ్మా. వచ్చేవాళ్లను మొగలి, పొన్న, వావిలి పలకరించాల" అంటే రెబెక్కమ్మ మురిసిపోయి, ముళ్లకు చేతులు చీరుకుపోతున్నా తనే మొగలి పిలకలు తీసిచ్చింది.

"పిలకలే గదా? కంచె జోలికి రారు గదా?" అని పదిసార్లు అడిగింది.

"దాని జోలికి రాములేమ్మా! బైబిలు మీద చెయ్యి పెట్టమంటావా ఏంది?" అని నవ్వింది మెర్లిన్.

తర్వాత, కోట ఊళ్లో ఉండే పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని తల్లిని నాలుగు రోజులు అక్కడికి పంపింది.

తిరిగొస్తూ రెబెక్కమ్మ నడకదారి దగ్గరే బస్సు దిగింది. తెల్లారితే ప్రారంభం. దారికి అటొకటి ఇటొకటి, మనిషెత్తు మొగలి పొదలు. ఎంత కళగా ఉందో అనుకుంది. అంతలో ఒక పొద నడుమ నీలం వల పీలిక కనిపించింది. పోయిన తుఫాను తమ కంచెలోకి విసిరేసిన వల అది. ఎంత లాగినా రాక, తనే వదిలేసిన పీలిక.

తల్లిని చూసి మెర్లిన్ పని ఆపి దగ్గరికొచ్చింది.

"మెర్లీ, ఇది మనదే గదా?"

మెర్లిన్ తల దించుకుంది. "పిలకలు ఎదగలేదమ్మా. రేపు పెద్దోళ్లు వస్తుండారు. పక్కింటి జకరయ్య మామ ట్రాక్టరు తెచ్చినాడు. కంచె మొత్తం..."

"అందుకా నన్ను కోటకు తోలింది? మీ పెద్దమ్మ రాయిలా ఉంది. 'నాకేమైందే' అని నవ్వితే, జబ్బు దాస్తోందని నాలుగు రోజులూ దాని నాడి పట్టుకుని కూచున్నా!"

"చెప్తే భయపడతావని చెప్పలేదు. నువ్వు అన్నిటికీ భయపడతావమ్మా."

"అన్నిటికీ భయపడినా గానీ, నీకు భయపడలేదే."

వంగి మొదలు తడిమింది. ఊడలు నున్నగా కొట్టేసి ఉన్నాయి.

"అందంగా ఉంటుందని..." నసిగింది మెర్లిన్.

"కాళ్లు నరికి నిలబెట్టినారు. ఇక్కడా బతకదు, అక్కడా లేకపాయె."

దారి పక్కనున్న పనోళ్ల పాక వెనక తనిచ్చిన పిలకలు సంచుల్లోనే పడి ఉన్నాయి. రెబెక్కమ్మ వాటిని కొంగులో వేసుకుంది.

"నేను పట్టుకుంటాలే, ఇటు తే" మెర్లిన్ చెయ్యి చాపింది.

"నీ చేతికియ్యను."

ఇంటికొచ్చి దొడ్డి తలుపు తీస్తే గడపలోంచే సముద్రం కనిపించింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఎప్పుడూ కనిపించలేదు. తుఫాన్లకింకా రెండు నెలలే. జానెడైనా లేని పిలకను చేతిలో పట్టుకుని, రెబెక్కమ్మ ఇసుకలో గుంట తవ్వడం మొదలుపెట్టింది.