సంఘం ముందు ముత్తయ్య దరఖాస్తు

జనగామ పక్క పల్లెలో సంఘం వాళ్లు దొర భూములు పంచుతున్న రోజులవి. దొర గడీ ముందు జనమంతా కూర్చున్నారు. ముత్తయ్యకు రెండెకరాల చెలక, ఒక జత ఎడ్లు వచ్చాయి. అయినా అతను కూర్చోలేదు.

"ఇంకేందిరా?" అంది సంఘం పెద్ద బుచ్చవ్వ.

"ఇంకో దరఖాస్తున్నదవ్వా. సాలమ్మను గూడ నాకే ఇప్పియ్యాలె."

ముత్తయ్య, సాలమ్మ రెండేళ్లు మనసిచ్చి పుచ్చుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. నెల కిందట ఆమె వద్దనేసి, మానుకోట మల్సూరును చేసుకుంటానన్న సంగతీ తెలుసు. తెలియనట్టు తిరుగుతున్నది ముత్తయ్య ఒక్కడే.

"దున్నెటోనిదే భూమి అంటిరి. రెండేండ్లు ఆమె మేకలు కాసిన. బాయిల పడ్డ బొక్కెన తీసిచ్చిన. నిన్నగాక మొన్నొచ్చిన మల్సూరుకేం హక్కున్నది?"

వెనక నుంచి ఓ ముసలాయన "నాయమే" అన్నాడు. పక్కనున్న పెళ్లాం మోచేత్తో పొడిచింది.

బుచ్చవ్వ నవ్వాపుకొని, "నువ్వేమంటవ్ బిడ్డా?" అని సాలమ్మను అడిగింది.

"నేనేమన్న చెలకనా అవ్వా, పట్టా రాసిచ్చెటందుకు? ఈయన మంచోడే. గని రెండేండ్లల్ల నన్నొక్క మాట మాట్లాడనియ్యలె. పెండ్లెప్పుడో, పిల్లలెందరో, వాళ్ల పేర్లేందో అన్నీ ఈయనే చెప్పిండు. నాకు నిద్రొస్తుండె."

"అట్ల గాదు సాలా, నేను చెప్పేదేందంటే..."

"సూస్తున్నరు గద!"

గడీ గోడలు అదిరేలా నవ్వారు జనం. "దరఖాస్తు కొట్టేసినం, కూసో" అంది బుచ్చవ్వ.

ముత్తయ్య మూడు రోజులు ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు ఎడ్లు ఆకలికి అరిస్తే లేచాడు. వాటికి విరహం తెలియదు కదా. దున్నుతుంటే తను వాగినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. 'అయిదుగురి పేర్లూ నేనే పెట్టిన్నా!' అనుకుని ఒంటరి చెలకలోనే సిగ్గుపడ్డాడు.

సాలమ్మ పెళ్లినాడు రజాకార్లు రాకుండా ఊరి దారిన కాపలా కావాలంటే, రాళ్లు విసిరే వడిసెల పట్టుకుని తనే వెళ్లాడు. మధ్యాహ్నం పెళ్లికూతురే అన్నం తెచ్చి, "తిను, ముత్తన్నా" అంది. అన్నా అన్న మాట గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగి మింగాడు. కూర బాగుంది. మరికాస్త వేయించుకున్నాడు.

మరుసటేడు సంఘం ఉత్తరం పట్టుకుని టేకుమట్ల పోయిన ముత్తయ్య రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అక్కడ గట్టమ్మ అనే పిల్ల తన బర్రె సంగతి చెప్తుంటే వింటూ కూర్చున్నాడట.

"మరి లగ్గమెప్పుడురా?" అంది బుచ్చవ్వ.

"ఏమో అవ్వా, ఇంక బర్రె ముచ్చటే అయిపోలె."