పుస్తకంలో ఉన్న ధర

ఇమ్మాన్యుయేల్ పోయిన నలభై రోజులకు దామోదర్ అతని భార్య లిడియాకు కబురు పంపాడు, లెక్క తెంపుకుందామని. ఇరవై ఏడేళ్లుగా ఇమ్మాన్యుయేల్‌తో కలిసి అతను మెదక్‌లో పొత్తున నడిపిన టెంట్ హౌస్ లెక్క అది. లిడియా గోదాముకు వెళ్లేసరికి కుర్చీ తుడిపించి, చాయ్ తెప్పించి, లెక్కల పుస్తకం ఆమె వైపు తిప్పి పెట్టాడు. అంత మర్యాద చూసేసరికి ఆమెకు అనుమానం వచ్చింది.

"నీ వాటా లక్షా పన్నెండు వేలు అయితుంది వదినె. జర చూస్కో."

చూసుకోవడానికేముంది, రాసిందే ఆమె. బడిలో లెక్కలు చెప్పి వచ్చి, రోజూ సాయంత్రం కూర్చుని ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. గోదాము జాగా మూడు వందల గజాలు, కొన్న ధర నలభై ఎనిమిది వేలు. ప్రతి మార్చిలో అదే అంకె ఎక్కించింది. వంట గుండిగలకైతే ఏటేటా తరుగు తీసి తీసి, అన్నీ కలిపి పదకొండు వందలకు తెచ్చింది. ఒక్క గుండిగను తూకానికి అమ్మినా అంతకన్నా ఎక్కువే వస్తుంది.

"గజం ఇరవై వేలు పలుకుతుంది దామోదర్. జాగనే అరవై లక్షలు. అండ్ల సగం నాది గాదా?"

"పొత్తు కాయితంల ఏమున్నదో నీకు ఎర్కలేదా? పోయినోళ్ల వాటా పుస్తకంల ఉన్న ధరకే ఇయ్యాలె. అన్న గూడ దస్కత్ పెట్టిండు."

"ఆయన దవాఖానకే ఆరు లక్షల అప్పయింది. ఇల్లు కుదువ పెట్టిన. ఈ లక్ష తీస్కపోయి ఏం జెయ్యాలె?"

దామోదర్ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది, ఆమె కూడా నాలుగు అనేది. మెల్లగా పదకొండేళ్ల కిందటి పుస్తకం తీశాడు.

"మరి రఘుపతి పోయినప్పుడు నిర్మలమ్మకు ఏ లెక్కన ఇచ్చినం వదినె?"

రఘుపతి అప్పట్లో మూడో పొత్తుదారు. అతని భార్య నిర్మలమ్మ కౌడిపల్లి నుంచి వచ్చి, ఇదే బల్ల ముందు నిలబడి, జాగా ధర పెరిగింది కదా అని అడిగింది. పుస్తకంలో లేనిది ఎట్లా ఇస్తామని జవాబు చెప్పింది లిడియానే. బడిపిల్లకు చెప్పినంత ఓపికగా చెప్పి, నలభై వేలు చేతిలో పెట్టి సంతకం తీసుకుంది. పైగా న్యాయంగా చేశానని సంతోషించింది. జాగాలో రఘుపతికి ఉన్న వాటాలో సగం తమకే కలిసివచ్చిన సంగతి మాత్రం తలచుకోలేదు.

"పుస్తకం తప్పంటవా? పోయి ఆమెతోని అను," అన్నాడు దామోదర్.

ఆ పంతానికి మర్నాడే లిడియా కౌడిపల్లి బస్సెక్కింది. ఇద్దరూ కలిసి కేసు వేస్తే దామోదర్ దిగిరాక చస్తాడా అనుకుంది.

నిర్మలమ్మ మంచినీళ్లిచ్చి, అంతా విన్నది.

"మనిద్దరికీ అన్యాయం జరిగింది నిర్మలమ్మా. కల్సి కొట్లాడుదం."

"ఆ నలభై వేలు ఎటూ సాలక బిడ్డ సదువు బంద్ జేయిస్తి," అన్నది నిర్మలమ్మ. "ఒక్కటి అడుగుత, నిజం చెప్పు టీచరమ్మా. మీ ఆయన బతికుంటే, నాకు అన్యాయం జరిగిందని చెప్పనీకి ఇంత దూరం వస్తుంటివా?"

రాకపోయేది. ఆ సంగతి లిడియాకూ తెలుసు. సిగ్గుతో తల వంచుకుని, బస్సు వేళయిందని లేచింది. నిర్మలమ్మ ఆపలేదు.