రూత్ పాటకు గాలి

మూడేళ్లుగా మా బడిలో ఎవరు పాడినా హార్మోనియం వాయించింది రూతే. ఆగస్టు పదిహేనుకైనా, తనిఖీకి వచ్చిన సార్ల స్వాగతానికైనా ఆమే. ఒక్కసారి కూడా తను పాడలేదు. పదో తరగతి ఫేర్‌వెల్ రోజు సాయంత్రం పాడేవాళ్ల పట్టికలో, అందరి తర్వాత చివరగా, మొదటిసారి ఆమె పేరు రాశారు. తన పాటకు తనే వాయించుకోవాలి.

ముందురోజు మా కళ్లంలో పసుపు ఉడుకుతున్న కడాయి మీది గోనెసంచి తీస్తుంటే ఆవిరి కొట్టి ఆమె ఎడమ చెయ్యి బొబ్బలెక్కింది. వాళ్లమ్మ ముత్తవ్వ మా దగ్గర కూలికి వచ్చేది. సెలవు రోజుల్లో రూత్ కూడా వచ్చేది.

ఆర్మూర్‌లో మా బడి ఆవరణలో టెంటు కట్టారు. మార్కెట్ వైపు నుంచి గాలి వీచినప్పుడల్లా పసుపు వాసన. వేదిక వెనక రూత్ చేతికి గుడ్డ చుట్టుకుని నిలబడింది. వాళ్ల నాన్న యాకోబు చర్చిలో అడిగి తెచ్చిన హార్మోనియం పక్కనే ఉంది. కుడిచేత్తో మెట్లు నొక్కగలదు. తిత్తి ఆడించి గాలి కొట్టాల్సింది మాత్రం ఎడమ చేత్తో. పేర్లు పిలిచే భోజన్న సార్ వచ్చి చెయ్యి చూసి, పేరు కొట్టేస్తానని జాలిగానే అన్నాడు. ఆమె వద్దంది. నా వైపు తిరిగింది.

"నందినీ, నువ్వు గాలి కొట్టు."

"నాతోని గాదే. గంతమంది ముంగట నేనెట్ల కూసుంట?"

"జనానికి నీ వీపే కనవడ్తది. నా దిక్కు మొఖం పెట్టి కూసో. డ్రమ్ము తిప్పేటప్పుడు నా భుజం సూస్తవు గద, గట్లనే సూడు."

ఎండిన పసుపు కొమ్ములను ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పొట్టు రాలి మెరుపు వస్తుంది. చెరో కొసన ఒకరు నిలబడి, ఎదుటి మనిషి భుజం చూస్తూ పిడి తిప్పాలి. మేమిద్దరం ఎనిమిదో తరగతి నుంచీ జతగా తిప్పాము.

వేదికెక్కి కూర్చున్నాక నాకు తెలిసిన పని అదొక్కటే కనుక అలాగే బలమంతా పెట్టి తిత్తి నొక్కాను. హార్మోనియం దూడలా అరిచింది.

"పాట పాడుతున్నరా, పసుపు డ్రమ్ము తిప్పుతున్నరా?" అని వెనక నుంచి మా తరగతి రాజేశ్ అడిగాడు. టెంటంతా నవ్వు. నా చెయ్యి ఆగిపోయింది. దాంతో స్వరమూ ఆగింది.

రూత్ ముఖంలో కోపం లేదు. కొంచెం ముందుకు వంగింది.

"ఇప్పుడే కొమ్ములు పోసినట్టు తిప్పకు. పాలిష్ అయిపోవచ్చినంక తిప్పుతం సూడు, గట్ల."

అది నాకు అర్థమైంది. చివరికొచ్చేసరికి కొమ్ములు నున్నబడి, డ్రమ్ములో గరగర తగ్గి మెత్తని చప్పుడొకటి మిగులుతుంది. అప్పుడు బలం అక్కర్లేదు. చెయ్యి వేసి ఉంచితే చాలు.

ఆమె భుజం లేచింది. నేను నొక్కాను.

పసుపు ఆరబోసేటప్పుడు ముత్తవ్వ పాడుకునే పాట అది. రూత్ గొంతు పెద్దది కాదు. పెద్దది చెయ్యాలని ప్రయత్నించలేదు కూడా. చరణం చివర ఊపిరి తక్కువైన చోట పదాన్ని తుంచకుండా, మెల్లగా కింద పెట్టినట్టు వదిలింది. గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో ఉంది. నొప్పిగా ఉండి ఉంటుంది, అయినా దాని బొటనవేలు తాళం వేస్తూనే ఉంది. ఇన్నాళ్లు అందరి పాటల వెనక కూర్చుని ఇంత దాచుకుందా అనిపించింది. నా వెనక ఒక్క బెంచీ కూడా కిర్రుమనలేదు.

పాటయ్యాక టెంటంతా చప్పట్లు. భోజన్న సార్ మైకు దగ్గరికొచ్చి, పేరు కొట్టేస్తానన్నది తన పొరపాటేనని అందరి ముందూ చెప్పి, ఇంకొకటి పాడమన్నాడు. రూత్ ఆయన్ను చూడలేదు, జనాన్నీ చూడలేదు.

"చెయ్యి గుంజుతుందా నీకు?" అని నన్నడిగింది.

లేదన్నాను. నొప్పితో గుంజుతూనే ఉంది. ఆమె భుజం మళ్లీ లేచేదాకా చూస్తూ కూర్చున్నాను.