హారిక నోట రాజోలు మాట

రాజోలు బస్టాండు ఎదురుగా ఉన్న లోవరాజు గారి నెట్ సెంటర్ పొద్దున్న తొమ్మిదింటికి తెరుచుకునేది. షట్టరు ఎత్తడం, కీబోర్డుల మీద దుమ్ము దులపడం, వచ్చినవాళ్ళకి కంప్యూటర్ చూపించడం రూతు పని. హాల్ టికెట్ల కోసం డిగ్రీ పిల్లలు, కువైట్‌లో ఉన్న భర్తలతో మాట్లాడటానికి ఆడవాళ్ళు వచ్చేవారు. రూతుకి ఇరవై మూడేళ్ళు. బీయస్సీ పాసయ్యి, బీయీడీ సీటు కోసం రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ రాక ఇక్కడ చేరింది.

అది రెండువేల తొమ్మిదో సంవత్సరం. టీవీలో సాయంత్రం ఏడున్నరకి వచ్చే 'ఏడు గదుల ఇల్లు' సీరియల్ వాళ్ళు కుర్రకారు కోసమని ఇంటర్నెట్లో ఇంకో సీరియల్ మొదలుపెట్టేరు. టీవీలో హారిక ఆ ఇంటి ఆఖరి ఆడపిల్ల. నాలుగేళ్ళుగా ఆ పిల్ల కాఫీ ట్రే పట్టుకు రావడం, తలుపు వెనక నిలబడి ఏడవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఇంటర్నెట్లో ఆ హారికే హైదరాబాదు వెళ్ళి చదువుకుంటుంది. పేరు 'హారిక కాలేజీ'. శనివారం పదింటికల్లా ఎనిమిది నిమిషాల ముక్క ఒకటి పెట్టేవారు.

ఆ ఎనిమిది నిమిషాలూ చూడటానికి రాజోల్లో గంట పట్టేది. చుక్కలు గుండ్రంగా తిరుగుతూ బొమ్మ ఆగిపోయేది. ఆగినంతసేపూ హారికకి అక్కడ పనేమీ ఉండదు గనక, మూడో నంబరు కంప్యూటర్లోంచి దిగొచ్చి గోడవారనున్న బల్ల మీద కూర్చునేది. మొదటి శనివారం లోవరాజు గారు చూసి, "ఫ్యాను కిందకి జరుగమ్మా, ఉక్కగా ఉంది," అన్నారు. మరుసటి వారం నించి ఆ పిల్లక్కూడా ఒక కొబ్బరిబోండాం చెప్పించేవారు. కువైట్ ఫోను కోసం వచ్చిన అచ్చాయమ్మ గారు, "మీ పెద్దొదిన అలా సాధిస్తాదేంటమ్మా అందర్నీ," అని అడిగితే, హారిక ఓపిగ్గా చెప్పేది. బొమ్మ కదలగానే "వస్తానండీ" అని లోపలికి పోయేది.

మూడో శనివారం ఆ పిల్ల రూతు పక్కకొచ్చి కూర్చుంది.

"అక్కా, ఏడ్చేడ్చి నా కళ్ళు మండుతున్నాయి. కాలేజీలోనైనా ఏడుపు తప్పుతుందనుకున్నాను. ఇప్పుడు లెక్చరర్ అందరి ముందూ నా ఇంగ్లీషుని వెక్కిరించేడు. నేను ఏడుస్తూ బయటికి పరిగెత్తాలి. అక్కడే ఆగింది."

"నీకేం అనాలనుంది?"

"నాకు మాటలెక్కడివక్కా? ఇచ్చినవి అంటాను."

ఏడేళ్ళుగా చర్చిలో క్రిస్మస్ నాటకం రాసేది రూతే. అందులో గొర్రెలకాపర్లు అచ్చం రాజోలు వాళ్ళలా మాట్లాడేవారు. అవి వినడానికి పక్కనున్న నగరం అనే ఊరి నించి కూడా జనం వచ్చేవారు. విని, నవ్వుకుని వెళ్ళిపోయేవారు. రాసిందెవరని ఎవరూ అడిగేవారు కారు.

"ఇలా అను," అంది రూతు. "'ఆయ్, నా ఇంగ్లీషు బాగోదండి. మీ దగ్గర నేర్చుకుందామనే వచ్చేను. మీరు నవ్వడం అయిపోతే పాఠం మొదలెడదామండి.'"

హారిక ఆ మాటల్ని పెదాల మీద రెండుసార్లు అనుకుంది. బొమ్మ కదిలింది. లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు అనేసింది. లెక్చరర్ సుద్దముక్క తీసి పాఠం మొదలెట్టేడు. సెంటర్లో పిల్లలందరూ చప్పట్లు కొట్టేరు. ఆ రోజు విశాఖపట్నంలో చూసినా, గుంటూరు హాస్టల్లో చూసినా హారిక ఆ మాటే అంది.

ఇక ప్రతి శనివారం అదే వరస. హాస్టలు వార్డెనుకి ఒక జవాబు, క్యాంటీన్లో వెంటపడేవాడికి ఒక జవాబు. సోమవారానికల్లా అమలాపురం కాలేజీల్లో ఆడపిల్లలు ఆ మాటలు అనేవారు.

ఇంటి దగ్గర మాత్రం రూతు నోట, 'ఆయ్' అని ఒప్పుకునే ఒక్క మాటే ఉండేది. తండ్రి కృపానందం గారు రిటైరైన హెడ్మాస్టరు. కూతురంటే ప్రాణం. ఓ రోజు అన్నం తింటూ, "ముమ్మిడివరం కాన్వెంటులో టీచరుద్యోగం మాట్లాడేనమ్మా. జూన్ ఒకటి, సోమవారం చేరాలి," అన్నారు.

"ఆయ్ నాన్నగారూ," అంది రూతు. సగం తిన్న కంచం పట్టుకుని లేచిపోయింది.

ఉద్యోగంలో చేరడానికి రెండ్రోజుల ముందు, శనివారం నాడు, సెంటరు తాళాలు అప్పజెప్పించి కూతుర్ని తీసుకెళ్దామని కృపానందం గారు వచ్చేరు. అప్పటికే బొమ్మ ఆగి, హారిక బల్ల మీద కూర్చుని ఉంది. ఆయన గొడుగు ముడిచి, "బాగున్నావామ్మా," అని పలకరించేరు.

"లేదండి," అంది హారిక. రూతు వేపు తిరిగింది. "అక్కా, ఇవాళ ఆఖరుదంట. ఇంటి పిల్ల ఎదురు మాట్లాడుతోందని టీవీ చూసే పెద్దవాళ్ళు ఉత్తరాలు రాసేరంట. అన్నయ్య కాలేజీకొచ్చి, 'చదివింది చాలు, ఇంటికి పద' అన్నాడు. తప్పయిపోయిందని నేను కాళ్ళ మీద పడాలి. ఏం చెప్పను?"

ఇన్నాళ్ళూ రూతు జవాబు చెప్పింది పరాయివాళ్ళకి. ఇది ప్రేమున్న మనిషికి చెప్పాల్సిన మాట. పైగా అలాంటి మనిషే గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. లోవరాజు గారు రేడియో గొంతు తగ్గించేరు.

"మీరు నా మంచికే చెప్తున్నారని తెలుసు," అంది రూతు, హారిక వేపే చూస్తూ. "మీరు చూపించింది మంచి దారే. నాది కాదండి అది. నాకు చేతనైన పని ఒకటుంది. అది మీకు చెప్పకుండా దాచేను, తప్పు అదొక్కటే. దానికి క్షమించండి. కానీ నేను రాను, నాన్నగారూ."

"అన్నయ్యా అనాలా, నాన్నగారూ అనాలా అక్కా?" అని హారిక అడిగింది.

"నువ్వు అన్నయ్యా అను."

బొమ్మ కదిలింది. హారిక లోపలికెళ్ళి అన్నగారి మొహంలోకి చూస్తూ ఆ మాటలు అంది. అన్న తన చేతిలో ఉన్న చెల్లెలి బ్యాగు తిరిగిచ్చి ఒక్కడే ఆటో ఎక్కేడు.

కృపానందం గారు బల్ల మీద కూర్చున్నారు. "ఆ పనేంటమ్మా?" అన్నారు.

"రాయడమండి. ఈ పిల్ల మాటలన్నీ నావే."

"లెక్చరరుతో అన్నది కూడానా?"

"ఆయ్."

"ట్యూషన్ పిల్లలు ఆ మాట అనుకుంటుంటే విన్నాను. నేనూ క్లాసులో అలా నవ్వేనమ్మా, ఎంతమందినో. ఆ రోజు నిద్ర పట్టలేదు." ఆయన లేచి గొడుగు అందుకున్నారు. "ముమ్మిడివరం నేనే వెళ్ళి, మా అమ్మాయి రాదని చెప్పేసొస్తాను."

మంగళవారం జొన్నాడ వంతెన దాటి ఒక కారు రాజోలొచ్చింది. దిగినాయన 'హారిక కాలేజీ' డైరెక్టరు, శ్రీనివాసరావు గారు. ఆ ఆయ్ అనడం కోనసీమదని చూసినవాళ్ళందరూ రాస్తే, ఊరూరా వాకబు చేసుకుంటూ వచ్చేరాయన. రాజోల్లో అడిగితే అందరూ ఈ సెంటరే చూపించేరు.

"బొమ్మ మేం తీసిందేనండి. మాటలే మావి కావు, ఆ మాటలకి బొమ్మ కూడా తనే మారిపోతోంది," అన్నారు. "మా రచయితగారు ఎప్పణ్ణించో, నేను రాయలేదు మొర్రో అంటున్నారు. ఆపేద్దామనుకున్నాం గానీ, ఆపితే కాలేజీ పిల్లలు మా ఆఫీసు ముందే కూర్చునేలా ఉన్నారు. ఇక మీదట ముందే రాసివ్వండి, షూటింగు చేసుకుంటాం."

"రాస్తానండి," అంది రూతు. "నా పేరు వెయ్యాలి. ఇక్కడే ఉండి రాస్తాను. ఆ పిల్ల ఎక్కడ ఏడవాలో ఆ పిల్లనే అడిగి రాస్తాను."

మూడో నంబర్లో ఎవరో పాత ముక్క పెడితే బొమ్మ ఆగి, హారిక బల్ల మీదే ఉంది. శ్రీనివాసరావు గారు ఆమె వేపు చూసేరు. ఆ పిల్ల తలూపింది. ఆయనా తలూపేరు.

జూన్ నెలాఖరు శనివారం సెంటర్లో చోటు చాలక జనం రోడ్డు మీదాకా నిలబడ్డారు. తెర మీద 'మాటలు: కె. రూతు' అని పడింది. కృపానందం గారు కళ్ళజోడు సర్దుకుని, హాజరు పిలిచే గొంతుతో ఆ పేరు పైకి చదివేరు. జనం చప్పట్లు ఆగేదాకా ఆగి, ఇంకోసారి చదివేరు.

మధ్యాహ్నం తండ్రీ కూతురూ నడిచే ఇంటికెళ్ళేరు. వచ్చే వారం హారిక ఎవరితో ఏమంటుందో ఆయన అడిగేరు. ఇల్లు చేరేదాకా రూతు చెప్తూనే ఉంది.