వంతెన దగ్గర ఆరో పేరు

మ్యా ష్వే కూతురికి పుట్టుకతోనే గుండెలో చిల్లు. నాలుగేళ్ల పిల్ల పది అడుగులు వేస్తే చాలు, పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగేవి. సరిహద్దులోని మొయ్ నది అవతల, థాయ్‌వాళ్ల పెద్దాసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్ చేస్తారని కబురు వచ్చినప్పుడు ఆమె రెండు రోజులు నమ్మలేదు. ఇవతలి బర్మా క్లినిక్కు, అవతలి ఆసుపత్రి, ఖర్చు పెట్టుకునే సంస్థ, వంతెన మీది సరిహద్దు ఆఫీసు, నలుగురూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారట. నెలకి ఆరుగురు పిల్లలు, మొదటి మంగళవారం, ఒక వ్యాను. మంచి ఒప్పందమే, కాదనడానికి నోరు రాదు. అంతకుముందు అలాంటి పిల్లలు మొక్కజొన్న చేల గుడిసెల్లో చడీచప్పుడు లేకుండా పోయేవారు. కాకపోతే నలుగురు కలిసిన చోట నాలుగు కాగితాలుంటాయి. నాలుగింటిలోనూ ఒకే పేరు ఉండాలి.

ఆ పేరు నీలార్. క్లినిక్కు తరఫున గుడిసెలన్నీ తిరిగే సాన్ యీ దాన్ని రాసుకుని వెళ్లింది. యాభై దాటిన మనిషి, బుగ్గన ఎప్పుడూ తాంబూలం, మాట కాస్త కరుకు.

"రెండు నెలల్లో పిలుస్తారే. అందాకా దీన్ని పరిగెత్తనీకు."

"ఇదెక్కడ పరిగెడుతుంది పిన్నీ, కూర్చుంటేనే ఆయాసం."

"నోరు పరిగెడుతోందిగా పొద్దస్తమానం, అదే చాల్లే!" అని పిల్ల బుగ్గ గిల్లి పోయింది సాన్ యీ.

వానలు పట్టాయి. పిల్లకి దగ్గు పట్టుకుంది, అన్నం మానేసింది. మ్యా ష్వే ఉండబట్టలేక మఠం పక్కన జాతకాలు చూసే ముసలాయన దగ్గరికి మోసుకుపోయింది. ఆయన మొదట అడిగింది పుట్టిన వారం. అక్కడే ఆమె తడబడింది. ఊరు తగలబడుతుంటే అడవిలో పడి పరిగెత్తిన రోజుల్లో పుట్టిన పిల్ల అది. వారం ఎవరు చూశారు? శనివారం అనుకుంది, వాళ్లలో పుట్టిన వారాన్ని బట్టే పేరు కాబట్టి శనివారపు అక్షరంతో నీలార్ అని పెట్టుకుంది.

ముసలాయన ఊరు తగలబడ్డ రోజులు అడిగి, వేళ్లు మడిచి, పాత పంచాంగం తిరగేసి, తల అడ్డంగా ఊపాడు. "గురువారం తల్లీ. నాలుగేళ్ల నుంచీ నీ పిల్ల తనది కాని పేరు మోస్తోంది. రోగం రాక ఏం చేస్తుంది?"

గురువారపు పేరు ఫ్యూ. బుద్ధుడికి పూలూ అన్నమూ పెట్టి ఆ పేరు పిలిచారు. ఇక పాత పేరు ఇంట్లో ఎవరూ పలకకూడదు. ఎవరు పిలిచినా పిల్ల పలకకూడదు, పలికితే వదిలిపోయిన జబ్బు దారి కనుక్కుని మళ్లీ వస్తుంది. మ్యా ష్వే కూతురికి దాన్ని ఆటలా నేర్పింది.

"ఆ పాత పిల్ల ఏదే?"

"లేదు! వెళ్లిపోయింది!"

"మరి నువ్వెవరు?"

"ఫ్యూ!" అని చప్పట్లు కొట్టేది పిల్ల.

విచిత్రం, ఆ వారమే దగ్గు తగ్గింది. అడిగి మరీ అన్నం తింది. కళ్ల ముందు అలా జరిగితే ఏ తల్లి నమ్మదు? సాన్ యీకి మాత్రం మ్యా ష్వే ఈ సంగతి చెప్పలేదు. చెప్పాలంటే పాత పేరు పలకాలి. అయినా ఆసుపత్రివాళ్లకి కావలసింది గుండె కదా, పేరుతో వాళ్లకేం పని అనుకుంది, పిచ్చిది.

వాళ్ల వంతు వచ్చిన మంగళవారం పొద్దున్నే వంతెన దగ్గర వ్యాను ఆగింది. థాయ్ అధికారి జాబితా చదువుతుంటే పక్కనున్న దుబాసీ అమ్మాయి బర్మీస్‌లో పిలుస్తోంది. ఐదుగురు ఎక్కారు.

"నీలార్. నాలుగేళ్లు."

మ్యా ష్వే పెదవి కదల్లేదు. రెండోసారి పిలిచారు. వెంట వచ్చిన సాన్ యీ ఆమె వీపు మీద ఒక్కటి వేసింది.

"ఏమే, చెవుడొచ్చిందా? నిన్నేగా పిలుస్తున్నారు!"

"తల్లిని నేనేనండీ, మ్యా ష్వేని," అంది ఆమె ముందుకెళ్లి. పిల్ల సంగతి ఎత్తలేదు. తన పేరుకి తను పలికితే తప్పేముంది అనుకుంది.

దుబాసీ వంగి, నవ్వుతూ అడిగింది. "నీలార్‌వి నువ్వేనా బంగారం?"

పిల్లకి ఆట గుర్తొచ్చింది. "లేదు! నీలార్ వెళ్లిపోయింది! నేను ఫ్యూ!" అని చప్పట్లు కొట్టింది.

దుబాసీ ఆ మాట థాయ్‌లో చెప్పగానే అధికారి మొహం బిగుసుకుంది. పోయినేడు ఎవరో చనిపోయిన పిల్లాడి పేరు మీద ఇంకో పిల్లాణ్ణి తెచ్చారట, అప్పటి నుంచి గట్టిగా ఉంటున్నారు. జాబితాలో ఫొటో ఉంది, కానీ జిరాక్సు మీద జిరాక్సు తీసి మొహమంతా మసి చేశారు. మ్యా ష్వే అతని కాళ్ల మీద పడింది. "ఇదే నీలార్ బాబూ! నీలార్ ఇదే!" అని ఇన్నాళ్లూ దాచిన పేరుని పదిసార్లు అరిచింది. సాన్ యీ వాదించింది, తిట్టింది, బతిమాలింది.

"పిల్లే కాదని చెప్పిందిగా అక్కా," అంది దుబాసీ. ఆ అమ్మాయికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో వ్యాను బయల్దేరింది, ఒక సీటు ఖాళీగా.

వెనక్కి వస్తుంటే సాన్ యీ తాంబూలం ఉమ్మేసి అంది. "నాకొక్క ముక్క చెప్పి ఉంటే నాలుగు చోట్లా నేనే మార్పించేదాన్ని కదే. జ్వరమొస్తే నా కూతురి పేరు నేను మార్చలేదూ?"

నాలుగు ఆఫీసులూ తిరిగింది సాన్ యీ. వచ్చే నెల జాబితాలో ఫ్యూ అని ఎక్కించింది. ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఓ పొద్దున మ్యా ష్వే గంజి చల్లార్చి చెంచా పట్టుకొచ్చేసరికి పిల్లలో ఊపిరి లేదు. గంజి ఇంకా గోరువెచ్చగానే ఉంది.

ఆ మంగళవారం మ్యా ష్వే మళ్లీ వంతెన దగ్గరికి వెళ్లింది. తల్లి స్వయంగా వచ్చి వేలిముద్ర వేస్తేనే సీటు ఇంకొకరికి ఇస్తారు, లేకపోతే ఖాళీగా పోతుంది. ఆ సంగతి సాన్ యీ గుమ్మంలోనే నిలబడి చెప్పి వెళ్లింది.

"ఫ్యూ. నాలుగేళ్లు," అని పిలిచారు. అక్షరం పొల్లు పోలేదు. మ్యా ష్వే వెళ్లి వేలిముద్ర వేసింది. అధికారి తల ఎత్తలేదు.

గోడ వారన రెండు నెలలుగా వంతు కోసం చూస్తున్న ఒకామె, పెదాలు నల్లబడ్డ కూతురిని ఎత్తుకుని పరుగున వచ్చింది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో మూట, వ్యాను మెట్టు ఎక్కలేకపోతోంది. మ్యా ష్వే పిల్లని అందుకుని లోపల కూర్చోబెట్టింది. ఒళ్లు ఎంత తేలికో ఆ చేతులకి తెలుసు.

"చల్లగా ఉండు చెల్లీ," అందామె వగరుస్తూ. "ఎవరో పిల్ల రాలేదట, మా అదృష్టం. ఏం తల్లో ఏమో, ఇలాంటి రోజు కూడా రాకుండా ఎలా ఉంటారో!"

"అవునక్కా," అని మ్యా ష్వే వ్యాను తలుపు వేసింది.