సైదమ్మ రంగు

సైదమ్మ పోయి ఆరేళ్లు. మొదట్లో కళ్లు మూసుకుంటే కనబడేది. ఈ మధ్య కొంగు కనబడుతుంది, నడక కనబడుతుంది, ముఖం మాత్రం రాదు.

ఉన్నది ఒకటే ఫోటో. మేము కాలువ పనికి వలస పోయినప్పుడు మేస్త్రీ తీయించిన గుంపు ఫోటో, నలుపు తెలుపుది. తలమీద తట్టతో ఆ చివర నిలబడి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆత్మకూర్‌లో ముస్తకీమ్ స్టూడియోకు పోయాను. ఆమెను ఒక్కదాన్నే పెద్దగా చేసి, రంగులు వేసి ఇమ్మన్నాను.

అదంతా కంప్యూటరు తానే చేస్తుందన్నాడు ముస్తకీమ్. నేను చాయ్ తాగేలోపు అయిపోయింది.

"చూడు తాతా, పెండ్లిపిల్ల లెక్క వచ్చింది!"

చూశాను. పాలమీగడ లాంటి ముఖం, సన్నటి ముక్కు, ఎర్రటి పెదవులు.

"ఎవలు గీమె?"

"గట్లంటవేంది? నీ పెండ్లామే!"

"కాదు."

పెదవి కింద, గదవ మీది పచ్చబొట్టు కూడా లేదు. మరక అనుకుని మిషన్ తుడిచేసిందట. మళ్లీ చేశాడు. ఈసారి ఇంకా తెల్లగా వచ్చింది.

"ఏం జెయ్యాలె తాతా? గా మిషన్‌కు తెల్ల మొఖాలే చూపెట్టి నేర్పినట్టున్నరు. నల్లగుంటే ఫోటో ఖరాబైందనుకుంటది. నా మొఖం పెట్టినా గంతే, సున్నం గొడ్తది." తలగోక్కున్నాడు. "పోనీ, నేనే చేత్తోని ఏస్త. ఎసుంటి నలుపో జర చెప్పు."

నాకు మాటలు తక్కువ. నలభై ఏళ్ల కాపురంలో నువ్వు ఇట్లా ఉంటావని ఆమెకే ఎన్నడూ చెప్పలేదు. ముస్తకీమ్ నా వైపే చూస్తున్నాడు.

"వాన పడ్డంక రేగడి చేను ఉంటది సూడు," అన్నాను. "గా నలుపు."

వాడు నవ్వలేదు. రంగు కలుపుతూ అడిగాడు.

"ముక్కు?"

"ఎడల్పుంటది."

"కండ్లు?"

ఎంతసేపు వెతికినా కళ్లు గుర్తుకు రాలేదు.

"వద్దు బిడ్డా. రంగు వద్దు. ఉన్నది ఉన్నట్టే పెద్దగ జెయ్యి."

"అంత పెద్దగ జేస్తే మొఖం పగుల్తది తాతా. ఒట్టి చుక్కలే ఉంటయి."

"ఉండనీ."

ఇంటికి తెచ్చి గోడకు తగిలించాను. దగ్గరకు పోతే నిజంగానే అన్నీ చుక్కలు. సైదమ్మ లేదు. వెనక్కి వెనక్కి జరిగి గడప మీద కూర్చుంటే, ఆ చుక్కలన్నీ దగ్గరికొచ్చి, తట్ట కింద నుంచి ఆమె చూస్తుంది.

ఇప్పుడు అన్నం గడప మీదే తింటున్నాను.